సానపట్టిన గొడ్డలి

పోలీసు చర్య తర్వాతి వానాకాలం నేను మిర్యాలగూడ వైపు అడవి హద్దులు కొలిచే సర్వేయరును. సర్కారు అడవిలో చెట్లు నరికే దొంగలను పట్టే దరోగాగారు నాకు తోడు. ఆయన దర్యాప్తుకు మూడు మెట్లు: నరికిన మొద్దు మీద దర్జాగా కూర్చోవడం, మజ్జిగ తాగడం, తర్వాత ఊరి గొడ్డళ్లన్నీ తెప్పించడం. గొడ్డలి అంచున నొక్కు ఉంటే మొద్దు మీద గీత పడుతుంది. ఆ రెండూ పోల్చి చూసేవారు.

ఆ రోజు వచ్చిన గొడ్డళ్లలో ఒక ముసలాయనది మాత్రం తళతళ మెరిసింది, అంచున నొక్కన్నదే లేదు. దరోగాగారు దాన్ని తిప్పి చూశారు.

“విత్తనాలు ఏసే యాళ్ల గొడ్డలికి సానెందుకు పట్టినవ్ పెద్దయ్యా?”

“మీరు సూస్తరంటిరి గద దొరా. మొండిది తెస్తె ఏం మర్యాద?”

దరోగాగారు మజ్జిగ పొలమారేదాకా నవ్వారు. ముసలాయన మాత్రం పక్కన ఎడ్లు కట్టి ఉన్న తన బండి వైపు చూశాడు. దుంగ మోసిన బండినీ ఎడ్లనూ జప్తు చేయాలని అడవి చట్టపు కాయిదా. ఎడ్లు పోతే ఆ ఏడు సేద్యం లేదు.

“నాగలికి కర్ర లేక నరికిన దొరా,” అన్నాడు చివరికి.

దరోగాగారు లేచి తానే ఎడ్లను విప్పారు. “చెట్టు నరికింది నువ్వు, ఎడ్లు గాదు. పోయి దున్నుకో. బండి మాత్రం ఇడువ.”

ఆ బండిని తాలూకా కచేరీ దాకా ఎవరు లాగాలన్నది ఆయన ఆలోచించలేదు. కాడి కింద ఒక పక్క ఆయన భుజం, రెండో పక్క నాది.