వంటింటి గోడకు పట్టుచీర

ఆ రోజుల్లో ఖాళీ గోడ కనిపిస్తే నా చేతులు ఊరుకునేవి కావు. తొంభైల చివరి మాట ఇది. నాకు పందొమ్మిదేళ్ళు. ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకుంటున్నాను. గళ్ళ కాగితం మీద ఒక్కొక్క గడినీ రంగుతో నింపుతూ మామిడి పిందెలు, నెమళ్ళు, అంచులు గీయడం మా పని. ఆ గళ్ళను బట్టే మగ్గం మీద చీరలో బుటా పడుతుంది. ఆయన్ని మేమంతా గ్రాఫు మామ అనేవాళ్ళం (ఆయనకు వినపడేటట్టు కాదు). చేరి ఏడాది కూడా తిరగలేదు, అప్పుడే ఆయనకన్నా నాకే ఎక్కువ వచ్చునన్న నమ్మకం కుదిరిపోయింది. ఆ వయసులో అలాంటి నమ్మకాలకు ఆధారాలేమీ అక్కర్లేదు.

మా అక్కను హిందూపురంలో ఇచ్చాం. బావ పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తా, రోజూ రైలెక్కి పోయి వచ్చేవాడు. ఆరేళ్ళు బాడుగ ఇంట్లో వసారా మూలన స్టవ్వు పెట్టుకుని, వాన వస్తే ఒక చేత్తో గొడుగు పట్టుకుని వండిన మనిషి మా అక్క. చివరికి సొంతిల్లు లేచింది. అన్నిటికన్నా ముందు పూర్తయింది వంటిల్లే. నున్నటి బండ, స్టవ్వు గట్టు వెనక రెండడుగుల ఎత్తు తెల్ల టైల్సు, మిగతా గోడలన్నీ సున్నంతో తెల్లగా, బోసిగా. గృహప్రవేశం వారం ఉందనగా నేను సాయానికని వెళ్ళేసరికి, ఆ గోడలకు ఏం చేయాలా అని అక్కా, బావా, బావ వాళ్ళమ్మా ముగ్గురూ లోపల నిలబడి తర్జనభర్జన పడుతున్నారు.

"నాలుగు క్యాలెండర్లు తగిలిస్తే అయిపాయె. మా ఆఫీసులో కావాల్సినన్ని ఉండాయి" అన్నాడు బావ. అక్కకు అత్త, అంటే నాకూ అత్తే, మాట తక్కువ మనిషి. "గోడ గోడ మాదిరి ఉంటే ఏమైతాది? పసుపు బొట్లు పెడితే సాలు" అంది. అక్క మెల్లగా, "కొంచెం కళగా ఉంటే బాగుంటాదత్తా. పగలంతా ఈ గోడల్నే కదా నేను చూసేది" అంది. అత్త ఒకసారి అక్క వైపు చూసింది. ఆ సందులో నేను దూరాను. "నేనేస్తా. అచ్చం పట్టుచీర మాదిరి. పైన అంచు, కింద బుటాలు. హిందూపురంలో ఎవురింట్లోనూ ఇట్లాంటిది ఉండదు చూడండి." (ఈ చివరి ముక్క మాత్రం అక్షరాలా నిజమైంది.)

అత్త నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "గోడల మీద గీసేది వచ్చునా అబ్బా నీకు?"

"కాగితమైతే ఏమి, గోడైతే ఏమి అత్తా!"

"బంధువులంతా వస్తాండారు. నవ్వులపాలు చేస్తివంటే మీ అక్క మాట పడల్ల. అది గుర్తు పెట్టుకో."

బజారుకు పోయి పొడి రంగులు తెచ్చాను. రంగు గోడను పట్టుకోవాలంటే ఉడికించిన జిగురు కలపాలని కొట్టాయన మరీ మరీ చెప్పి ఒక పొట్లం ఇచ్చాడు. పెరట్లో కిరసనాయిలు స్టవ్వు మీద అది ఉడకడం మొదలవగానే ఇల్లంతా కంపు. అత్త కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఏందబ్బా ఇది? ఎముకల్తో చేస్తారంట దీన్ని. దేవునికి నైవేద్యం వండే చోట ఇది పూస్తావా? పారెయ్యి." పారేశాను. నాకేమీ బాధ కలగలేదు. మా ధర్మవరంలో పోగులకు గంజి పెడతారు, పోగును పట్టుకున్న గంజి పొడిని పట్టుకోదా? గ్రాఫు మామకు ఫోన్ చేసి ఒక్క మాట అడిగుంటే సరిపోయేది. కానీ ఆయనకన్నా నాకే ఎక్కువ వచ్చునని ముందే మనవి చేశాను.

మూడు రోజులు పనిచేశాను. గట్టి అట్టలో మామిడి పిందె ఆకారం కత్తిరించి, దాన్ని గోడకు ఆనించి, గంజి కలిపిన పసుపు రంగును గుడ్డతో అద్దుకుంటూ పోయాను. నడుము ఎత్తు నుంచి తల ఎత్తు దాకా వరసలు వరసలుగా పిందెలు, పైన మెరూన్ అంచు. ఎవరైనా చేయి చాపితే "తడి ఆరలేదు, ముట్టుకోవద్దు" అని అరిచేవాణ్ణి. అక్క గడపలో నిలబడి చాలాసేపు చూసింది. అత్త వచ్చి, "బాగనే ఉండాది" అంది. ఆమె నోట అంతకన్నా పెద్ద మెప్పును అంతవరకూ ఎవరూ వినలేదట.

గృహప్రవేశం నాడు పాలు పొంగాయి. ఆడవాళ్ళంతా వంటింట్లోనే చేరారు. ఎండ ముదిరింది, లోపల ఉక్క. చల్లగా ఉందని ఒక్కొక్కరే గోడకు ఆనుకుని కబుర్లలో పడ్డారు. నేను పెరట్లో విస్తళ్ళు కడుగుతున్నాను. లోపల్నుంచి పక్కింటామె గొంతు వినపడింది. "ఏమక్కా, ఈ చీర యాడ తీసుకుంటివి? వీపు మీద బుటా కొత్తగా ఉండాదే!"

"నా చీరకు బుటాలే ల్యావు గదే!"

ఆ రెండో గొంతు అత్త వాళ్ళ అక్కది, అమరాపురం నుంచి వచ్చిన బావ పెద్దమ్మది. ఆ వెంటనే గోల. నేను గడప దగ్గరికి పరిగెత్తేసరికి ఆడవాళ్ళంతా ఒకరి వీపు ఒకరు చూసుకుంటున్నారు. ప్రతి వీపు మీదా నా పిందెలే. (గోడ మీద కుడికి తిరిగిన పిందె తోక వీపు మీద ఎడమకు తిరిగింది. అంత భయంలోనూ అది గమనించాను.)

పెద్దమ్మ మా అక్క మీద పడింది. "మీ పుట్టింటోళ్ళకు చీరలు నేసేది చాలకపాయెనా? గోడలు కూడా నేస్తారా?" అక్క తల వంచుకుంది. తప్పు నాదని చెప్పాలని గడప దాటాను. అంతలో అత్త అందరి మధ్యకు వచ్చి నిలబడింది. ఆమె వీపు మీద వరసగా మూడు పిందెలు.

"ఆ పిల్లని అనాకు. జిగురు కలిపేకి పిల్లోడు తెచ్చినాడు, వద్దని పారేయించింది నేను. అనేదుంటే నన్ను అను." తర్వాత తన అక్కగారి భుజం పట్టుకుని, "పొడే కదా, దులిపితే పోతాది. ఇట్ల తిరుగు" అని అరచేత్తో ఆమె వీపు దులిపింది (అవసరమైన దానికంటే కొంచెం గట్టిగానే). ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, అందరూ నవ్వుతూ ఒకరి వీపు ఒకరు దులపడం మొదలుపెట్టారు. కాఫీ కోసం వచ్చిన బావ, ఆడవాళ్ళంతా ఒకరినొకరు బాదుకోవడం చూసి, ఏమీ అడగకుండా వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు తడిగుడ్డతో గోడలు తుడుస్తుంటే అత్త కూడా ఒక గుడ్డ తీసుకుని పక్కకు వచ్చింది. కాసేపటికి, నాతోనో గోడతోనో తెలియకుండా, "నేను ముప్పై ఏండ్లు పొగ గోడలు చూస్తా వండినా. ఎవురూ ఏం కావాలని అడగల్యా" అంది. తర్వాత బావను కేకేసింది. "ఈ గోడకు ఒక కిటికీ పెట్టించు. వీధిలోకి."

"ఇప్పుడా అమ్మా? సున్నం గూడా అయిపాయె కదా!"

"అయితే కానీ."

గోడ పగలగొట్టి కిటికీ పెట్టారు. వీధిలో పూలమ్మే ఆమె, బడికి పోయే పిల్లలు, సాయంత్రం స్టేషన్ నుంచి నడిచి వచ్చే బావ, అందరూ అక్కకు స్టవ్వు దగ్గర నుంచే కనిపించేవారు. మిగతా గోడలకు ఎవరూ ఏమీ చేయలేదు, అక్క అడగనూ లేదు.

ఇప్పుడు నేను డిజైన్లు కంప్యూటర్ మీద గీస్తున్నాను. తప్పు పడితే ఒక మీట నొక్కితే చెరిగిపోతుంది, ఎవరి వీపుకూ అంటుకోదు. ఒక్క పిందె పెట్టడానికి నలుగురిని అడిగి, నాలుగుసార్లు చెరిపి, మళ్ళీ మొదటికి వస్తుంటాను. అలాంటప్పుడు గంజి గిన్నెతో, చిన్న అట్టముక్కతో వంటింటి గోడల మీదికి దండెత్తిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడికి పనేమీ రాదు. అయినా వాణ్ణి చూస్తే నాకు కొంచెం అసూయే.