పుడిసెడు నీళ్లు

సంగారెడ్డి బస్సులో పక్క సీటు పెద్దావిడ నా ఒడిలో బైబిలు చూసి, "ఏ సంఘం బిడ్డా?" అంది. ఎందుకో అంతా చెప్పేశాను. నీళ్లలో ముంచితేనే బాప్తిస్మమని, చిలకరిస్తే చెల్లదని, అలాంటివాళ్లకు పరలోకం లేదని నాలుగు వారాల క్రితం మా కొత్త పాస్టరు అన్నాడు. మా నాన్నకు పసితనంలో చిలకరించారు. ఆయన పోయి ఏడాదయింది. ఇప్పుడు ఎక్కడని ముంచను?

ఆమె సీసా మూత తీసి అరచేతిలో కొన్ని నీళ్లు పోసుకుంది.

"మా తాతకు కరువుల ఇచ్చిండ్రు బాప్తిస్మం. చెరువు ఎండింది, తాగనీకే నీళ్లు లేవు. చర్చి అయ్యగారు గీ పుడిసెడు నీళ్లే నెత్తిమీద పోసిండు. ఊరంతటికీ గట్లనే. గాళ్లందర్నీ దేవుడు వాపస్ తోలిండా ఏంది?"

నాకు నవ్వొచ్చింది. నాలుగు వారాల్లో అదే మొదటిసారి.

ఆమె ఇస్నాపూర్‌లో దిగిపోయింది. ఆ చేతిలోంచి జారిన నీళ్లు నా బైబిలు అట్టమీద ఉన్నాయి. నేను తుడవలేదు.