బండతాబేలు మూడో వరుసలోనే

మా బావ ఇక లేరని అక్క సూర్యాపేట దవాఖాన నుంచి పొద్దున్నే ఫోన్ చేసింది. ఆయన మిర్యాలగూడలో రైస్ మిల్లు సూపర్‌వైజర్. గుండె ఆగి పోయారు. ఆయన ఎలాంటి మనిషో మీకు తెలియాలంటే ఒక ఆట సంగతి చెప్పాలి.

ఫోన్‌లో వింత జంతువులను పెంచి, ఒకదానితో ఒకటి పోట్లాడించే ఆట అది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఆడేవాళ్లమంతా ఒక గ్రూపు పెట్టుకున్నాం. బలాన్ని బట్టి జంతువులను వరుసలుగా పెట్టిన జాబితా ఒకటి ఉండేది, మొదటి వరుస అన్నిటికన్నా బలమైనవాటిది. ఏ జంతువు పోటీలో ఏ వరుసకు తగుతుందో తేల్చేది బావే. వేగమెంత, దెబ్బకు ఎంత ఓర్చుకుంటుంది, ఎలాంటి శత్రువు ముందు తేలిపోతుంది అన్నీ చూసేవారు. తానే ఆడి ఓడందే ఏ జంతువు మీదా మాట చెప్పేవారు కాదు. మిల్లులో టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని ఆడుతూ, ఓడితే ఎదుటివాడి ఎత్తును మెచ్చుకుని అప్పుడు ముద్ద కలిపేవారు. ఆయన మాట నమ్మి కొత్తవాళ్లు నెలల తరబడి ఒక్క జంతువునే పెంచుకునేవారు.

ఆ జంతువుల్లో ఆయనకు ప్రాణమైనది బండతాబేలు. దాన్ని మూడో వరుసలో పెట్టిందీ ఆయనే. ఒక వరుస పైకి జరుపుదామని నేనంటే తల అడ్డంగా ఊపారు.

"ఇష్టం నాది తమ్మీ, బలం దానిది. నాకు ఇష్టమైతే దానికి ఉరుకుడు వస్తదా?"

దినాలయ్యాక, బావ గుర్తుగా తాబేలును మొదటి వరుసలో పెడదామని గ్రూపులో కొందరన్నారు. బావ పోయాక ఆ జాబితా చూసేది నేనే. వెంటనే పెట్టేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఈ మధ్య దాని బలం పెరిగిందనీ, బావ కూడా చివరి రోజుల్లో అదే అనుకున్నారనీ కారణం రాశాను. అందులో ఒక్క ముక్కా నిజం కాదు. అందరూ దండాలు పెట్టారు.

ఆ ఆదివారం అక్కను చూడటానికి మిర్యాలగూడ వెళ్లాను. డిగ్రీ చదివే మేనకోడలు కూడా ఈ ఆట ఆడుతుంది. ఫోన్ నా ముందు పెట్టి, తాబేలు గురించి ఆ కారణం ఎవరు రాశారని అడిగింది. నేనేనన్నాను.

"నాన్న అనని మాట నాన్న అన్నడని రాసినవా మామా?"

ఆయన మీది గౌరవంతో రాశానని గొణిగాను. ఆ పిల్ల గొంతు పెంచలేదు.

"మూడో వరుసల ఉన్నా నాన్నకు అదంటే ఇష్టమే గదా. గది సాలదా?"

నాకు తలెత్తబుద్ధి కాలేదు. అక్కడే కూర్చుని తాబేలును మళ్లీ మూడో వరుసకు దించాను. నేను రాసింది అబద్ధమని గ్రూపులో అందరికీ చెప్పాను. ఏమైందిరా అని అక్క వంటింట్లోంచి అడిగితే, బావ తాబేలును దాని చోట పెట్టానని చెప్పాను.

బయటికొచ్చేసరికి వాకిలంతా మిల్లుల నుంచి గాలికొచ్చిన తవుడు దుమ్ము. మేనకోడలు చీపురు తెచ్చి ఊడవసాగింది. దుమ్ము ఎండలోకి లేచి, కాసేపు బంగారంలా మెరిసి, మళ్లీ మెల్లగా ఆ వాకిట్లోనే దిగింది.