పెద్దవాళ్ల సంతకం

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో హెచ్‌ఐవీ కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు కూర్చున్నాను. నా గదికి మా ఊరివాళ్లు వచ్చేది తక్కువ. వాళ్లు పులివెందులకు పోతారు, పులివెందుల వాళ్లు నా దగ్గరికి వస్తారు. జమ్మలమడుగు వాళ్లు ఏ బస్సు ముందొస్తే అదెక్కుతారు. తెలిసిన మొహం కనబడకూడదు, అంతే. ఆ జబ్బు పేరు వింటే మనుషులు ఏం చేస్తారో నాకూ తెలుసు కాబట్టి ఎవరినీ తప్పు పట్టలేదు.

ఆ అమ్మాయి కొండాపురం దగ్గరి పునరావాస కాలనీ నుంచి ఒక్కతే వచ్చింది. పదహారేళ్లు. స్కూలు బ్యాగులోంచి వాళ్లమ్మ హెచ్‌ఐవీ మందుల పుస్తకం తీసి నా ముందు పెట్టింది. నాన్న ముందే పోయాడట, అమ్మ పోయి నెలైందట, ఉండేది చిన్నాయన ఇంట్లోనట. పుస్తకం బియ్యం డబ్బాలో అడుగున దొరికిందట.

"అమ్మకు టీబీ అని చెప్పినారు మేడం. నాకు గూడా ఇది ఉందేమో సూడండి."

పద్దెనిమిది నిండనివాళ్లకు పెద్దవాళ్ల సంతకం లేకుండా పరీక్ష చేయకూడదు. అదే చెప్పాను.

"చిన్నాయనకు తెలిస్తే ఇంట్లో ఉండనీడు. ఇంగ నేను యాడికి పోవల్ల?"

"అవ్వనైనా పిలుచుకొని రా పాపా."

"అవ్వకు చెప్తే ఊరంతా చెప్పినట్లే మేడం."

పైవాళ్లకు ఒక్క ఫోన్ చేసి దారేమైనా ఉందేమో అడగాల్సింది. అడగలేదు. బయట జనం ఉన్నారు, నాకు విసుగ్గా ఉంది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, అంతకు మించి కారణమేమీ లేదు. చీటీ మీద నా నంబరు రాసిచ్చాను. తను వెళ్లాక చూస్తే చీటీ బెంచీ మీదే ఉంది.

రెండున్నరేళ్లకు మళ్లీ వచ్చింది, ఏడో నెల కడుపుతో. గర్భిణులందరికీ చేసే పరీక్షలకని అత్త పిలుచుకొచ్చింది. నేను గుర్తుపట్టకముందే తనే అంది.

"ఇప్పుడు పెద్దోళ్లు అక్కర్లేదు గదా మేడం?"

అక్కర్లేదు. సంతకం తనే పెట్టింది. పరీక్షలో ఉందనే తేలింది.

అత్తను బయటే కూర్చోమని, తనొక్కదానికే చెప్పాను. ఈ పొద్దే మందులు మొదలుపెడితే బిడ్డకు రాకుండా చాలావరకు కాపాడుకోవచ్చని కూడా చెప్పాను. అది అబద్ధం కాదు. కానీ తన మొగుడికీ పరీక్ష చేయించాలి. ఆ మాట తెలిశాక ఆ ఇంట్లో తనను ఎన్నాళ్లు ఉండనిస్తారో మా ఇద్దరికీ తెలుసు. ఏడవలేదు. నన్ను నాలుగు మాటలు తిట్టినా బాగుండేది, అదీ చేయలేదు. కడుపు మీద చెయ్యి పెట్టుకుని అడిగింది.

"పుట్టినాక బిడ్డకు గూడా సూస్తారా?"

"ఆరు వారాలకు చూస్తాం."

"దానికి ఎవురు సంతకం పెట్టల్ల మేడం?"

"నువ్వే పాపా" అన్నాను.