కోటు గుండీతో గిటారు

నాకు పందొమ్మిదేళ్ళప్పుడు, మనిషికి వచ్చే కష్టాలన్నిటికీ మూలం గిటారు పిక్కు మందంలోనే ఉందని గట్టిగా నమ్మేవాణ్ణి. పిక్కంటే తెలియనివాళ్ళకు చెప్తున్నా: తీగలు మీటడానికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకునే చిన్న ముక్క, చింతగింజ కంటే కాస్త పెద్దది. అంత చిన్న వస్తువు మీద అంత పెద్ద నమ్మకం పెట్టుకోవడం ఆ వయసుకే చెల్లింది. ఇప్పుడు నాకు దేని మీదా అంత నమ్మకం లేదు, చివరికి నా బీపీ మాత్ర మీద కూడా.

మాది మైదుకూరు. మా వీధి చివరి చర్చిలో పాటల గుంపును నడిపేది మా చిన్నాయన. వారమంతా చెనిక్కాయ (వేరుశనగ) చేనులో మెత్తగా మాట్లాడే మనిషి, పాట ప్రాక్టీసు మొదలయ్యేసరికి పోలీసు అయిపోయేవాడు. ఢోలక్కు, కంజర, తాళాలు, వీటి మధ్య నా గిటారు. (అది మా అత్త కొడుకుది. నెలరోజులు నేర్చుకుని, వేళ్ళు బొబ్బలెక్కి, పీడ వదిలిందన్నట్టు నాకు అప్పజెప్పినాడు.) ప్రాక్టీసు చిన్నాయన ఇంట్లోనే. మా జేజి, అంటే నాయనమ్మ, మూలన కూర్చుని కూరగాయలు తరుగుతూ వినేది. అడక్కుండానే అభిప్రాయం చెప్పేది.

"ఏందబ్బీ ఆ చప్పుడు? చేటలో చెనిక్కాయ పొట్టు చెరిగినట్టుండాది."

ఆమె మాటలో అబద్ధం లేదు. నా పిక్కు మరీ పల్చన. తీగకు తగలగానే వంగి చిరచిరమనేది. నెమ్మది పాటల్లో ఎట్లాగో నెట్టుకొచ్చినా, పంట కానుకలిచ్చే కోతల పండగ రెండు నెలలుందనగా చిన్నాయన పిలిచి కూర్చోబెట్టినాడు.

"పండగ పాటలో చరణానికీ చరణానికీ మధ్యన పాడేది ఆపి, ఢోలక్కు మీద గిటారు వాయించే జాగా ఉండాది. శానా స్పీడు. నీచేత అయితాదా, కాదా? కాదంటే ఇప్పుడే చెప్పు. సంఘపు పెద్దలు కీబోర్డు తెప్పిద్దామని అడుగుతాండారు. పొద్దుటూరు పిల్లోడొకడు రెడీగా ఉండాడు."

"అయితాది చిన్నాయనా" అన్నాను. నోరు అంది, చెయ్యి మాత్రం ఒప్పుకోలేదు.

నాకు తెలిసిన గిటారు మాస్టరు ఒక్కడే, బజారులో టైలరింగ్ చేసే కాలర్ మామ. వయసులో ఉన్నప్పుడు కడపలో పెళ్ళి ఆర్కెస్ట్రాలో వాయించినాడు. చొక్కా ఎట్లా కుట్టినా కాలరు మాత్రం కత్తిలాగా నిలబెడతాడని ఆ పేరొచ్చింది. నా పల్చటి పిక్కు కూడా ఆయన కాలర్లో పెట్టే ప్లాస్టిక్కు నుంచి కత్తిరించి ఇచ్చిందే. నా బాధంతా విని, మిషను తొక్కడం ఆపి, ఆ పిక్కును వేళ్ళతో వంచి చూపించినాడు.

"చూడు బేటా. ఇది తీగను తాకి వంగుతాది. వంగింది మళ్ళా నిలబడేలోపల నీ చెయ్యి పక్క తీగ కాడికి పోతాది. ఇంక స్పీడు యాడ నుంచి వస్తాది? తీగలన్నీ ఒక్కసారే ఊపుకుంటా వాయించేదానికైతే ఇదే మేలు. ఒక్కొక్క తీగ మీటుతా పరిగెత్తాలంటే మందంది కావల్ల."

అని గుండీల డబ్బా బోర్లించి, ఒక పెద్ద నల్ల కోటు గుండీ ఏరినాడు. దాన్ని గరుకు బండ మీద అరగదీసి, ఒక పక్క మొనదేల్చి నా చేతిలో పెట్టినాడు. నడుమ నాలుగు చిల్లులు అట్లాగే ఉన్నాయి. అక్కడే గిటారు తీసి మీటినాను. శబ్దం గుండ్రంగా, బరువుగా వచ్చింది. అది నా వాయింపేనంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. రెండోసారి కాస్త వేగంగా మీటితే గుండీ తీగ కింద ఇరుక్కుని గిటారే ముందుకు జరిగింది.

"పట్టకారతో పట్టినట్టు పడితే అంతే మల్ల" అన్నాడు మామ. "పల్చటిదైతే అదే వంగుతాది. ఇది వంగదు గదా, నీ మణికట్టు వంగల్ల. కొస ఒక్కటే తగలల్ల. బావిలోకి బొక్కెన దించినట్టు లోపలికంతా దించొద్దు." తన సుద్దముక్క తీసి నా వేళ్ళ మధ్య పెట్టి, గుడ్డ మీద గీత గీయమన్నాడు. గట్టిగా పట్టుకుంటే గీత లావైంది, వదిలేస్తే సుద్ద జారింది. అట్లా ఆ పూట ఎవరిదో ప్యాంటు గుడ్డ మీద నేను నలభై గీతలు గీసినాను. (ఆ ప్యాంటు ఎవరిదో, దాని గతి ఏమైందో నేను అడగలేదు.)

ఆ రెండు నెలలూ నా మణికట్టు నా మాట వినలేదు. కిందికీ పైకీ, కిందికీ పైకీ, అన్నం తింటున్నా, బస్సులో కూర్చున్నా, కాలేజీలో పాఠం వింటున్నా దాని పాటికి అది ఊగుతూనే ఉండేది. మా అమ్మ పదిరోజులు గమనించి, నాకు తెలియకుండా చర్చి అయ్యగారి దగ్గరికి పోయింది. ఆదివారం ప్రార్థనలో అయ్యగారు, "చేతి వణుకుతో బాధపడుతున్న మన యౌవనస్థుడి కోసం" అని మొదలుపెట్టేసరికి, పాపం ఎవరో అనుకుని నేనూ కళ్ళు మూసుకుని భక్తిగా ప్రార్థన చేసినాను. అయ్యగారు వచ్చి నా తల మీద చెయ్యి పెట్టిన తర్వాతగానీ ఆ పాపం ఎవరో తెలియలేదు.

పండగ రోజు రానే వచ్చింది. బలిపీఠం ముందు కానుకలు గుట్టలుగా పోసినారు: గుమ్మడికాయలు, జొన్నలు, అరటి గెల, గంపల్లో చెనిక్కాయలు, కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళు. నేను వాటికి ఎదురుగానే నిలబడినాను. మొదటి చరణం అయిపోయింది. చిన్నాయన చెయ్యి ఎత్తి నాకు సైగ చేసినాడు. మొదలుపెట్టినాను. నాలుగు మీట్లు ముత్యాల్లాగా పడినాయి. (ఈ నాలుగు మీట్ల సంగతి నేను చాలామందికి చెప్పుకున్నాను, మీకూ చెప్తున్నాను.) ఐదోదానికి చేతిలో చెమట పట్టి, కోటు గుండీ వేళ్ళ మధ్య నుంచి పక్షిలాగా ఎగిరి, చెనిక్కాయల గంపలో పడింది.

అది ఎక్కడ పడిందో నాకు తెలుసు. మూడడుగుల దూరం. కానీ రెండు వందల మంది ముందర, దేవుడికిచ్చిన కానుకల్లో చెయ్యి పెట్టి కెలకడమెట్లా? ఒక కోడి మెడ తిప్పి నన్నే చూస్తోంది. బొటనవేలి గోటితో ఏదో గీకినాను. స్పీడు ఎటు పోయిందో నాకే తెలియలేదు. ఢోలక్కు వాయించే అన్న మాత్రం ఏమీ జరగనట్టు దంచుతూనే ఉన్నాడు.

పాట అయిపోయింది. బయటికి రాగానే చిన్నాయన భుజం తట్టి, "శానా బాగా వాయించినావురా" అన్నాడు. ఆ మాట నాకు సూదిలాగా గుచ్చుకుంది. ఆయన వెనకాలే జేజి వచ్చి, "ఈ పొద్దు చప్పుడు లేకుండా హాయిగా ఉన్నిందబ్బీ" అంది. ఇద్దరూ కలిసి ఎగతాళి చేస్తున్నారని ఖాయం చేసుకున్నాను. సాయంత్రం కానుకల వేలంలో ఆ చెనిక్కాయల గంపను ఎవరో పాడుకుని పోయినారు. నా గుండీ కూడా వాళ్ళింటికే పోయింది.

కాలర్ మామకు చెప్తే, "చెయ్యి చెమట పడితే రోంత సుద్దపొడి రాసుకోవల్లని తెలీదా?" అన్నాడు, అదేదో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతైనట్టు.

నెలన్నర ప్రాక్టీసుకు పోలేదు. చిన్నాయన ఎదురొస్తే సందులోకి తిరిగేవాణ్ణి. ఒకరోజు ఆయనే మా ఇంటికొచ్చి గడపలో నిలబడినాడు.

"ఏమప్పా, ఏమైంది నీకు? కీబోర్డు వద్దు, మా పిల్లోడు బాగానే వాయిస్తాండాడు, గిటారే ఉండనీ అని నేను పెద్దలతో కొట్లాడి వచ్చినా. నువ్వేమో నన్ను చూసి పారిపోతాండావు."

అప్పుడు కూడా నాకు అర్థం కాలేదు. జాలిపడి అంటున్నాడనుకున్నాను. అయినా మరుసటి ఆదివారం గిటారు తీసుకుని పోయినాను, కాలరు ప్లాస్టిక్కుతోనే.

ఇప్పుడు నేను కర్నూలులో ఉద్యోగం చేస్తున్నాను. పోయిన సంవత్సరం మా చర్చి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ పండగ వీడియో పెట్టినారు. చూడాలా వద్దా అని ఒక పూటంతా ఆలోచించి, చివరికి నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని, ముందే క్షమాపణ చెప్పుకుని పెట్టినాను. ఆమె అంతా విని, "మీరు వాయించేది యాడ వినపడతాంది?" అని అడిగింది. సౌండు పూర్తిగా పెంచినాను. ఢోలక్కు వినపడింది. చప్పట్లు వినపడినాయి. కోడి అరుపు కూడా వినపడింది. గిటారు లేనే లేదు. మైకు పాడేవాళ్ళ ముందుంది, నా ముందు కోళ్ళున్నాయి. నా ముత్యాల్లాంటి నాలుగు మీట్లూ, ఆ తర్వాతి గీకుడూ, అన్నీ ఆ రోజే ఢోలక్కు, చప్పట్ల కింద మునిగిపోయి, ఏ మనిషి చెవిలోనూ పడలేదు.

వీడియోలో సన్నటి పిల్లోడొకడు నిలబడి ఉన్నాడు. మెడ ఎముకలు తేలి, కాలరు మాత్రం కత్తిలాగా ఉంది. లోకం మొత్తం తన మణికట్టు మీద నిలబడినట్టు ముఖం పెట్టినాడు. వాడికి ఎవరూ వినలేదులేరా అని చెప్పాలనిపించింది. ఇంకోసారి చూసినాక, చెప్పకపోవడమే మేలనిపించింది.

పాట ఆఖర్న చిన్నాయన వాడి వైపు తిరిగి, నవ్వుతూ, రెండుసార్లు తలూపుతాడు. వాడు చూడలేదు. గంప వైపు తల వంచి, ఆ చెనిక్కాయల్లో గుండీ యాడుందా అని వెతుక్కుంటున్నాడు.