రత్నమ్మక్క కత్తికి వారంటీ

నిన్న ఒకాయన పగిలిన బండను ఆటోలో వేసుకొచ్చి, మీరిచ్చిందే ఇలా ఉందంటూ మా ఫ్యాక్టరీ గేటు ముందు దించాడు. పగులు ఎంత లోతుందో చూద్దామని చెంబెడు నీళ్లు పోశాను. తడిసిన రాతి వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు రత్నమ్మక్క గుర్తొస్తుంది. బేతంచెర్లలోని ఈ బండల పాలిష్ ఫ్యాక్టరీ ఆమెదే. నేను గుమాస్తాగా చేరి ఆమె చేతికిందే మేనేజరునయ్యాను. చెవులకు రవ్వల కమ్మలు, నోటినిండా వక్కాకు. అలాంటి మనిషికి ఉన్న పిచ్చి ఏమిటయ్యా అంటే, మడత కత్తులు!

వాటిలో ఒకదాని మీద ఆమెకు ప్రాణం. పూణెలో ఒకాయన తన చేత్తో చేసిన కత్తి. పిడి మీద నంబరు చెక్కి ఉంటుంది, అలాంటివి ఆయన మళ్లీ చేయలేదు. ఫ్యాక్టరీ లాభంలో అక్క తనకంటూ కొనుక్కున్న మొదటి వస్తువు అదే. ఏడాదంతా పట్టుగుడ్డలో ఉండేది. ఆయుధ పూజ నాడు మాత్రం పసుపు కుంకుమలు పూసి, మిషన్లకూ లారీలకూ దిష్టి నిమ్మకాయలన్నీ దానితోనే కోయించేది. పూసిన కుంకుమ తుడవకూడదని ఆమె పట్టు. అలాగే మడిచి దాచేవాళ్లం. ఒక ఏడు విప్పబోతే కత్తి కదిలితే ఒట్టు! అక్క ముఖం చూడలేకపోయాను. కొన్నప్పుడు ఆయన జీవితాంతం వారంటీ అన్నాడు కదా అని పూణెకు పంపాం.

కొన్నాళ్లకు ఆయనే ఫోను చేశాడు. స్పీకరు పెట్టాను. "తయారీలో లోపమైతే బాగుచేస్తాను. మీ వాడకంలో చెడితే మాత్రం ముట్టుకోను, అలాగే తిప్పి పంపేస్తాను" అన్నాడు హిందీలో. తర్వాత గొంతు తగ్గించి, "మీది రాయలసీమ కదా... కీలులో ఎర్రగా ఏదో ఎండిపోయి ఉంది. ఏమీ అనుకోకండి, రక్తమా?"

అక్క వక్కాకు పొలమారేంతగా నవ్వింది. నేను ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "తుప్పని చెబ్దామక్కా. నిమ్మకాయల సంగతి చెప్తే కత్తి అట్లే ఎనక్కి వస్తాది" అన్నాను.

"ఏమప్పా మద్దిలేటీ, బండ పగలగొట్టుకోనొచ్చి మనతో అబద్ధమాడేటోళ్లను మనం ఏమని తిడతాండాం? ఆ తిట్లు నన్ను తినమంటావా?"

ఫోను లాక్కుని తనకొచ్చిన ఉర్దూలో గడగడా చెప్పేసింది. "అన్నా, అది కుంకుమ. పూజకు నిమ్మకాయలు కోసి తుడవకుండా మడిసినాం. తప్పు మాదే, నీ పనిలో వంక యాడా లేదు. పంపిస్తే పంపెయ్యి. తెరుచుకోకున్నా అది నా కత్తే."

"నేను చేసిన కత్తిని పూజలో పెట్టారా?" అన్నాడాయన.

కత్తి తిరిగొచ్చింది. గోటితో తడితే తెరుచుకుంటోంది. బిల్లు లేదు. నిమ్మకాయలకు ఇకపై వేరే కత్తి వాడమని చీటీ మాత్రం పెట్టాడు. అక్క వింటుందా! "పూజకు రాని కత్తి నాకెందుకప్పా?" అని, ఆయుధ పూజకు ముందు రోజు తనే ఫోను చేసింది. "అన్నా, రేపు కోస్తాండా. చెడితే తప్పు మాదే." ఏటా అదే తంతు. ఆయన గొణిగేవాడు, ఆమె నవ్వేది.

అక్క చనిపోయిన ఏడు, పండగ ముందు రోజు ఫ్యాక్టరీ ఫోను మోగింది. "అమ్మ ఈసారి ఇంకా ఫోను చెయ్యలేదేం?" అని పూణె ఆయన. చెప్పాను. "అయితే రేపు మీరు కోయండి. చెడితే నాకు పంపండి" అన్నాడు.

ఇప్పుడు ఏటా ఆయనకు ఫోను చేసేది నేనే. "అన్నా, రేపు కోస్తాండా. చెడితే తప్పు మాదే" అంటాను. ఆ మాట అనడానికి నాకిప్పుడు భయం లేదు.