పారేయనివ్వని ముక్క

ఆ పళ్ల డాక్టరు పేరు నాకు ఈ రోజుకీ తెలియదు. తెలిసుంటే వదిలేవాణ్ని కాదు.

పులివెందుల నుంచి కడపకు వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. రెండు చేతులతో ఒక సీసాను పట్టుకుని ఉన్నాడు. అందులో మందునీళ్లలో చిన్న మాంసం ముక్క. ఏమిటని అడిగితే పెదవి పైకెత్తి, చిగురు మీద కుట్లు చూపించాడు.

"క్యాన్సరని కిడ్నీ తీసేసినారప్పా. రెండేండ్లకు ఈడ గడ్డ లేచింది. కిడ్నీ సంగతి చెప్తే, పండ్ల డాక్టరుకాడ ఆ కతలెందుకు మామా అని నవ్వినాడు. చీముగడ్డని కోసి బకెట్లో ఏసినాడు. నెలకే మళ్లీ లేచింది."

ఆ క్యాన్సరే చిగురుకు పాకిందో లేదో ముక్కను పరీక్షిస్తేనే తెలిసేది. దాన్నే పారేశాడు! నాకు ఒళ్లు మండింది.

"వాని పేరు చెప్పు మామా, కలెక్టరుకే అర్జీ పెడతా."

"నీ అర్జీ తర్వాతప్పా. ఈ తూరి ఇంగొక డాక్టరు కోసినాడు. ముక్క నా చేతికిచ్చేదాంక కుర్చీ దిగలే. ముందు ఇది ల్యాబుకు చేరనీ."

కడపలో జనం ఒకరినొకరు తోసుకుంటూ లేచారు. నేను రెండు చేతులూ అడ్డం పెట్టి, ఆయన సీసాతో దిగేదాకా ఎవరినీ కదలనివ్వలేదు. కండక్టరు నన్ను నానా మాటలూ అన్నాడు. ఆ కండక్టరు ముఖం నాకింకా గుర్తుంది.